పాట దగ్గరే ఆగిపోతున్న మన ప్రశంస

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు తెలుగువాళ్లు ఉన్న చోటల్లా పండగ చేసుకున్నారు. స్వరపరిచిన కీరవాణి, రాసిన చంద్రబోస్ ఆ వేదికెక్కిన దృశ్యాన్ని ఇంటింటా మళ్లీ మళ్లీ చూశారు. అదే ఏడాది ఆగస్టులో 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు. అందులో అదే 'ఆర్‌ఆర్‌ఆర్' చిత్రానికి, అదే కీరవాణికి, ఉత్తమ నేపథ్య సంగీతానికి పురస్కారం దక్కింది. పాటల విభాగంలో మాత్రం 'పుష్ప'కు గాను దేవిశ్రీప్రసాద్ అందుకున్నారు. అంటే లాస్ ఏంజెలెస్‌లో ఆ సినిమా పాటకు పట్టం కడితే, ఢిల్లీలో కూర్చున్న న్యాయనిర్ణేతలు ఆ సినిమా నేపథ్య సంగీతానికి పట్టం కట్టారు. మొదటి సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. రెండోది సినిమా పత్రికలు క్రమం తప్పకుండా చదివేవారిలోనూ చాలామందికి గుర్తులేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టనవసరం లేదు, ఆస్కార్ ఆస్కారే. కానీ ఒక సంగీత దర్శకుడిని మనం దేన్ని చూసి మెచ్చుకుంటున్నామో ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పాటే మన కొలబద్ద. పాట హిట్టయితే గొప్ప సంగీతం, కాకపోతే చప్పటి సంగీతం. మిగిలిన రెండు గంటల సినిమాకు ఆ మనిషి చేసిన పని లెక్కలోకే రాదు. సినిమా సంగీత దర్శకుడి అసలు ప్రతిభ ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ వివేకంలో ఉంటుందనీ, దాన్ని పసిగట్టే అలవాటు మన సమీక్షలకూ మన ప్రశంసకూ ఇంకా రాలేదనీ నా వాదన.

ముందు లెక్క చూద్దాం. రెండున్నర గంటల సినిమా అంటే 150 నిమిషాలు. ఐదు పాటలు, ఒక్కోటీ నాలుగైదు నిమిషాలు అనుకుంటే పాటలన్నీ కలిపి 25 నిమిషాలు దాటవు. మిగిలిన 125 నిమిషాల్లో సగం చోట్లే సంగీతం ఉందనుకున్నా అది గంటకు పైనే. పరిశ్రమలో రీరికార్డింగ్ అనీ, ముద్దుగా ఆర్‌ఆర్ అనీ పిలిచే ఈ పని పాట కట్టడం లాంటిది కాదు. పాట షూటింగుకు ముందే తయారవుతుంది. బాణీ నచ్చకపోతే మార్చవచ్చు, కవి నాలుగు పల్లవులు రాసి ఒకటి ఎంచుకోమనవచ్చు, గాయకుడిని మార్చవచ్చు. రీరికార్డింగ్ మొదలయ్యేసరికి ఎడిటింగ్ అయిపోయి ఉంటుంది, విడుదల తేదీ పోస్టర్లకెక్కి ఉంటుంది. చిత్రం కొలతలు ఇక మారవు, సంగీతమే వాటికి ఒదగాలి. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగులుతాయి. ఫిలిం రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో ఈ పని రీలు రీలుగా జరిగేది. వెయ్యి అడుగుల రీలు తెర మీద నడిచేది పదకొండు నిమిషాలు. ఎదురుగా తెర, హాలు నిండా వాద్యకారులు, మధ్యలో చేతులు ఊపుతూ కండక్టర్. ఒక్క వయొలిన్ తప్పిందంటే మళ్లీ మొదటికే. ఇళయరాజా రీలు చూసి, ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో పాశ్చాత్య స్వరలిపిలో తన చేత్తోనే రాసి ఇచ్చేవారని ఆయనతో పనిచేసిన వాద్యకారులంతా చెబుతారు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వాద్యాన్ని విడిగా పేర్చుకోవచ్చు, తప్పు దిద్దడం తేలిక. పనిముట్లు మారినా పనిలో ఉన్న ప్రశ్న మారలేదు. ఏ క్షణాన మొదలవ్వాలి? ఏ క్షణాన ఆగాలి? అసలు ఇక్కడ సంగీతం కావాలా?

ఈ మూడో ప్రశ్నకు దొరికిన గొప్ప జవాబుల్లో ఒకటి 1955 నాటి 'పథేర్ పాంచాలి'లో ఉంది. సంపాదన కోసం ఊరు విడిచి వెళ్లిన హరిహర్ చాలాకాలానికి ఇంటికి తిరిగి వస్తాడు. గాలివానకు ఇల్లు కూలిపోయి ఉంటుంది. కూతురు దుర్గ చనిపోయిందని అతనికి తెలియదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ, కూతురి కోసం తెచ్చిన చీర భార్య సర్వజయ చేతిలో పెడతాడు. అంతవరకూ బిగబట్టుకున్న ఆ తల్లి అప్పుడు బద్దలవుతుంది. తెర మీద ఆమె నోరు తెరిచి ఏడుస్తుంది. మనకు ఆ ఏడుపు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి పైస్థాయిలో పట్‌దీప్ రాగం ఎత్తుకుంటుంది. తార్ షెహనాయి అంటే కమానుతో వాయించే తీగ వాద్యమే, గొట్టం బిగించడంతో గొంతు చీరుకుపోయినట్టు పలుకుతుంది. రవిశంకర్ ఈ సినిమా సంగీతం చాలావరకు ఒక్క రాత్రి కూర్చుని చేశారు. ఆ సన్నివేశంలో నటి ఏడుపు అలాగే ఉంచి, వెనక నాలుగు వయొలిన్లు పెట్టి ఉంటే అదొక మామూలు విషాద ఘట్టం అయ్యేది. గొంతు తీసేసి వాద్యాన్ని పెట్టడంతో ఆ దుఃఖం ఒక్క సర్వజయది కాకుండా పోయింది. బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లిదైనా కావచ్చు. బెంగాలీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ చోట కదిలిపోవడానికి కారణం ఇదే. ఇక్కడ రాగం గొప్పదా, వాద్యం గొప్పదా అంటే రెంటికన్నా ఆ చోటును గుర్తించడం గొప్పది.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచిన కథ హిచ్‌కాక్ తీసిన 'సైకో'ది. 1960లో వచ్చిన ఆ సినిమాలో స్నానాల గది హత్య దృశ్యానికి సంగీతం వద్దని దర్శకుడు ముందే చెప్పాడు. నీళ్ల చప్పుడు, కేక, కత్తి చప్పుడు చాలనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినలేదు. నలుపు తెలుపు సినిమాకు నలుపు తెలుపు సంగీతమే కావాలని ఇత్తడి వాద్యాలు, డప్పులు, వేణువులు అన్నీ పక్కనపెట్టి, ఒక్క తీగ వాద్యాలతోనే సినిమా అంతా చేశాడు. ఆ దృశ్యానికి వయొలిన్ల కీచుకీచు మోత కట్టి వినిపించాడు. హిచ్‌కాక్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ మోత లేకుండా ఆ దృశ్యాన్ని ఇవాళ ఎవరూ ఊహించలేరు. మొదటి సినిమాలో ఏడుపు తీసేసి సంగీతం పెట్టారు, రెండో సినిమాలో మౌనం వద్దని సంగీతం పెట్టారు. రెండూ ఆ సన్నివేశాన్ని బట్టి తీసుకున్న నిర్ణయాలే. వీటి నుంచి 'బాధకు షెహనాయి, భయానికి వయొలిన్' అని సూత్రం తయారు చేసుకుంటే మాత్రం మన నాలుగు దశాబ్దాల సినిమాలే తయారవుతాయి. చావు దృశ్యం రాగానే షెహనాయి, విలన్ రాగానే ధన్‌ధన్ మోత.

తెలుగులో ఇలాంటి వివేకానికి ఉదాహరణ వెతుకుతూ నేరుగా ఇళయరాజా దగ్గరికి వెళ్లిపోవడం రివాజు. ఆయన దగ్గరికి వస్తాను. అంతకుముందు ఎల్.వైద్యనాథన్ పేరు చెప్పుకోవాలి. 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'పుష్పక విమానం'లో మాటలు లేవు, పాటలూ లేవు. భాష లేదు గనక అన్ని భాషల్లోనూ ఒకే సినిమా. వయొలిన్ విద్వాంసులు ఎల్.సుబ్రమణ్యం, ఎల్.శంకర్‌లకు అన్నగారైన వైద్యనాథన్ దానికి సంగీతం ఇచ్చారు. దూరదర్శన్ 'మాల్గుడి డేస్' సంగీతం కూడా ఆయనదే, ఆ తరం వారికి పేరు తెలియకపోయినా చెవికి బాగా తెలిసినాయన. మాటలు లేని సినిమా దొరికితే సంగీత దర్శకుడు ఏం చేస్తాడు? ఖాళీ దొరికింది కదా అని నిమిషం వదలకుండా నింపేస్తాడు. మూకీల కాలంలో పియానో వాయించినట్టు ప్రతి నడకకూ ఒక తాళం, ప్రతి చూపుకూ ఒక తీగ. 'పుష్పక విమానం' అలా చేయలేదు. లాడ్జి చుట్టూ ఉండే రొద, హోటల్ గదిలోని నిశ్శబ్దం ఆ కథలో పాత్రల్లాగే పనిచేస్తాయి. ఖరీదైన గదిలో నిద్ర పట్టని హీరో, తన పాత లాడ్జి దగ్గరి రణగొణధ్వనిని టేపు మీద రికార్డు చేసి తెచ్చుకుని, అది పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు, ఆ వెంటనే ఆ కుర్రాడి బతుకేమిటో అర్థమై కాస్త మెత్తబడతాడు. ఈ పని టేపులోని చప్పుడు చేసింది, దాని మీద సంగీతం పోయకుండా ఉండటమూ సంగీత దర్శకుడి పనే. పాటలు లేకపోతే మన జనం చూడరని, చెవిలో చెబితే తప్ప అర్థం కాదని అనేవారికి ఈ సినిమాను జనం ఆదరించిన తీరే సమాధానం.

అయినా ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తెలుగు సినిమా పద్యనాటకం కడుపున పుట్టింది. మొదటి టాకీలు నాటకాల పద్యాలతో నిండి వచ్చాయి. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల, చక్రవర్తి వీళ్లందరినీ మనం పాటల ద్వారానే గుండెల్లో పెట్టుకున్నాం. హాలీవుడ్‌లో పాట లేదు గనక నేపథ్య సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నారు, మనకు పాటే ఆ పని చేస్తుంది, ఆ కొలతలు మనకెందుకు అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దీనికి నా సమాధానం రెండు భాగాలు. ఒకటి, కథ వెంట నడిచే సంగీతం మనకు హాలీవుడ్ నేర్పింది కాదు. తోలుబొమ్మలాటలో యుద్ధం రాగానే తెర వెనక చెక్కలు తొక్కి చప్పుడు చేసేవారు. హరికథలో మృదంగం వాయించే ఆయన దాసుగారి అడుగునూ విరుపునూ కనిపెట్టుకుని ఉంటాడు. పెళ్లిలో మాంగల్యధారణ వేళ పురోహితుడు సైగ చేయగానే సన్నాయి, డోలు గట్టిమేళంలోకి లేస్తాయి, ముడి పడగానే మళ్లీ దిగుతాయి. సమయం ఎరిగి లేవడం, సమయం ఎరిగి దిగడం అనే విద్యను మెచ్చే చెవి తెలుగువాడికి సినిమా రాకముందు నుంచే ఉంది. సినిమా హాల్లోకి వెళ్లేసరికి ఆ చెవిని పాటకు మాత్రమే అప్పగించాం. రెండో భాగం 'మాయాబజార్'. 1957లో వచ్చిన ఆ చిత్రానికి మొదట రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారని, మిగతా పనంతా ఘంటసాల పూర్తి చేశారని అందరికీ తెలుసు. ఆ నాలుగూ ఏవి, ఏ పాటలో ఎవరి చేయి ఎంత అని 60 ఏళ్లుగా వాదించుకుంటున్నాం, వ్యాసాలు రాసుకుంటున్నాం. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా నడిచే ప్రతి సన్నివేశం వెనక సంగీతం ఏం చేసిందన్న దాని మీద నాలుగు మాటలు రాసినవాళ్లు ఎందరు? తెర మీద సావిత్రే కనిపిస్తోంది, లోపల ఉన్నది రాక్షసుడు. ఈ సంగతి ప్రేక్షకుడు మరిచిపోకుండా చూడటంలో సావిత్రి నటనతో పాటు సంగీతానికీ పాలు ఉంది. మన మహామహులను పాటలకే పరిమితం చేసి మెచ్చుకోవడం వాళ్లను తక్కువ చేయడమే అవుతుంది.

మరో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది, అది పాటలకూ నేపథ్యానికీ మధ్య గీత గీయడమే తప్పంటుంది. ఇక్కడికి ఇళయరాజా రాక తప్పదు. 'సాగర సంగమం', 'సింధు భైరవి', 'రుద్రవీణ' చిత్రాలకు ఆయన అందుకున్న జాతీయ పురస్కారాలు మొత్తం సంగీతానికి ఇచ్చినవి. 2009 సంవత్సరపు చిత్రాల నుంచి పాటలకూ నేపథ్య సంగీతానికీ వేర్వేరుగా పురస్కారాలు ఇవ్వడం స్థిరపడింది. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి 'పళశ్శిరాజా' చిత్రానికి గాను ఆయనకే వచ్చింది, తర్వాత 'తారై తప్పట్టై'కి మరోసారి వచ్చింది. అంతకు ముందు కూడా 1994లో మలయాళ చిత్రం 'సుకృతం' నేపథ్య సంగీతానికి జాన్సన్‌ను విడిగా గుర్తించారు. ఈ విభజన మీద ఉన్న అసంతృప్తికి ఆధారం ఇళయరాజా సినిమాల్లోనే కనిపిస్తుంది. తెలుగులో 'నాయకుడు'గా వచ్చిన మణిరత్నం 'నాయకన్' తీసుకోండి. అందులో జానపదం లాంటి ఒక విషాదపు వరస ఉంది. అది పాటగా వస్తుంది, గొంతు మారి మళ్లీ వస్తుంది, మాటలు లేకుండా వాద్యం మీద వస్తుంది. పిల్లవాడిగా పారిపోయి వచ్చిన కథానాయకుడు వేలు జీవితంలో ఏదైనా పోగొట్టుకున్న ప్రతిసారీ ఆ వరస తలుపు తడుతుంది. దీన్ని పాట అనాలా, నేపథ్యం అనాలా? రెండూ. కనుక గీత గీయవద్దనే వాదనలో సగం నిజం ఉంది. కానీ ఆ నిజం నా వాదనకు బలమే ఇస్తుంది. ఆ వరస పాటగా విన్నప్పుడు తీయగా ఉంటుంది, అంతే. పాట అయిపోయాక అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో, ఎక్కడ రాకుండా ఊరుకుందో చూస్తేనే అది వేలు కథ అవుతుంది. పాటల కేసెట్టు విని 'నాయకుడు' సంగీతం తెలుసుకున్నామనుకుంటే ఇళయరాజా చేసిన పనిలో మంచి భాగం వదిలేసినట్టే.

'గొప్ప నేపథ్య సంగీతం ఉన్నట్టే తెలియకూడదు, తెలిసిందంటే విఫలమైనట్టే' అని ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ ఇది పూర్తిగా నిజం కాదు. 'సైకో' వయొలిన్లు తెలియకుండా పోయాయా? తార్ షెహనాయి తెలియకుండా పోయిందా? కొన్ని చోట్ల సంగీతం దాక్కోవాలి, కొన్ని చోట్ల మీద పడాలి. పోనీ ఈ మాట నిజమే అనుకుందాం. ప్రేక్షకుడికి తెలియకపోతే విమర్శకుడికీ తెలియనక్కర్లేదా? ఎడిటింగ్ కూడా తెలియకుండానే పనిచేస్తుంది, అయినా ప్రతి సమీక్షలోనూ 'కత్తెర ఇంకాస్త పదునుగా ఉండాల్సింది' అని ఒక వాక్యం రాస్తున్నాం. నేపథ్య సంగీతం వంతు వచ్చేసరికి 'బాగుంది', 'సన్నివేశాలకు బలం చేకూర్చింది', 'ఆకట్టుకోలేదు'. ఈ మూడు ముక్కల్లో ఏదో ఒకటి. వారం వారం అచ్చవుతున్న ఈ ముక్కలను ఒక సినిమా సమీక్షలోంచి తీసి మరో సినిమా సమీక్షలో అతికించినా ఎవరూ పట్టుకోలేరు.

ఈ తరం పాఠకులు ఇక్కడ అడ్డు తగులుతారు. 'ఏ కాలంలో ఉన్నారు? ఇప్పుడు బీజీఎమ్ (నేపథ్య సంగీతం) గురించే కదా అందరూ మాట్లాడేది, టీజర్ రాగానే దాన్ని రింగ్‌టోన్ చేసుకుంటున్నాం, సంగీత దర్శకుడి పేరు తెర మీద పడగానే ఈలలు వేస్తున్నాం' అంటారు. నిజమే. 2021లో 'అఖండ' విడుదలైనప్పుడు తమన్ మోతకు థియేటర్ల స్పీకర్ల గురించి కూడా వార్తలు వచ్చాయి. హీరో నడకకు, విలన్ మీద దెబ్బకు, ఇంటర్వెల్‌కు లేచే సంగీతాన్ని 'ఎలివేషన్' అని ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ మెచ్చుకుంటున్నాం. కానీ ఈ మెప్పు ఏ కొలతతో? అరనిమిషం ముక్క సినిమా నుంచి విడదీసి విన్నా ఒళ్లు గగుర్పొడిస్తే గొప్ప, లేదంటే లేదు. ఇది పాత పాటల కొలబద్దే, పొట్టి చేసి చేతికిచ్చారు. ఎలివేషన్ సంగీతం చేయడం తక్కువ పనేమీ కాదు. భారీ కథకు భారీ మోత కావాలి, దానికీ నేర్పు కావాలి. తమన్ తన సినిమాకు తగ్గదే చేశారు. ఇబ్బందల్లా సినిమాలో ప్రతి పది నిమిషాలకూ శిఖరం ఉండాలనే ఆశ దగ్గర మొదలైంది. శిఖరానికి లోయ కావాలి. హీరో మంచినీళ్లు తాగినా కోరస్ లేస్తే, అతను ఊరిని కాపాడేవేళ లేవడానికి ఇక మిగిలేదేమిటి? మాట వినబడకుండా సంగీతం కప్పేస్తోందని ప్రేక్షకులు చేసే ఫిర్యాదు ఊరికే రాలేదు. ఈ ఒత్తిడి నిర్మాతల నుంచి, అభిమానుల నుంచి, మొదటి వారం వసూళ్ల నుంచి వస్తోంది, సంగీత దర్శకుడిని ఒక్కడినే నిలదీయడం అన్యాయం. అతను నిశ్శబ్దంగా ఉంచిన ఒక సన్నివేశాన్ని మెచ్చుకునే నాథుడు లేనప్పుడు నిశ్శబ్దం ఎందుకు ఉంచుతాడు?

ఎలివేషన్ యుగంలోనే దానికి పక్కనుంచి నడిచిన ఉదాహరణ కూడా ఉంది. 2012లో వచ్చిన 'ఈగ'లో హీరో అరగంట దాటగానే చనిపోయి ఈగై పుడతాడు. ఆ తర్వాత అతనికి మాట లేదు, మనుషుల్లాంటి ముఖమూ లేదు. కోపం, ప్రేమ, పగ ఇవన్నీ ప్రేక్షకుడికి చేరాలంటే గ్రాఫిక్స్ మనుషులు కదిలించే రెక్కలు, కీరవాణి సంగీతం, ఈ రెండే దిక్కు. హీరోకు గొంతు లేని సినిమాలో హీరో గొంతు సంగీతమే అయింది. ఆ సినిమా విజయంలో గ్రాఫిక్స్‌కు వచ్చిన పేరు, జాతీయ పురస్కారం సరైనవే. సంగీతం ఆ ఈగకు మనసు ఇచ్చిందన్న విషయాన్ని మాత్రం మనం అదే స్థాయిలో చెప్పుకోలేదు. కీరవాణి అనగానే 'అన్నమయ్య' పాటలు, 'నాటు నాటు' అంటాం. 'ఈగ' అనేవాళ్లు తక్కువ.

పోతే, ఈ పనిని ఒక్కరి ఖాతాలో వేయడం సబబా అనే ప్రశ్న నిజంగా కష్టమైనది. 'పథేర్ పాంచాలి'లో ఏడుపు తీసేయాలన్న నిర్ణయం దర్శకుడు సత్యజిత్ రాయ్‌ది. 'సైకో'లో హెర్మన్ పట్టుదలకు తలవంచిన ఘనత హిచ్‌కాక్‌ది. ఇవాళ అయితే ఒక సినిమాకు పాటలు ఒకరు, నేపథ్యం మరొకరు చేయడం మామూలైంది. 'అర్జున్ రెడ్డి'లో పాటలు రథన్‌వి, నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. అదే హర్షవర్ధన్‌కు తర్వాత హిందీ 'యానిమల్' నేపథ్య సంగీతానికి 71వ జాతీయ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. 'సాహో'కు నేపథ్యం జిబ్రాన్ చేశారు. 'రాధేశ్యామ్' దక్షిణాది భాషల్లో పాటలు జస్టిన్ ప్రభాకరన్, నేపథ్యం తమన్. 2024లో 'పుష్ప 2'కు దేవిశ్రీప్రసాద్ ఉండగానే నేపథ్య సంగీతానికి సామ్ సీఎస్ పేరూ చేరింది. వీళ్ల కింద ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు, వాద్యబృందం కోసం స్వరాలు విడమరిచి రాసేవాళ్లు, వాయించేవాళ్లు ఉంటారు. అంతమంది చేతులు పడిన పనిలో ఎవరిని మెచ్చుకోవాలి? నా దృష్టిలో దీనికి జవాబు మెచ్చుకోవడం మానేయడం కాదు, మరింత వివరంగా మెచ్చుకోవడం. నిర్మాతలు రీరికార్డింగ్ కోసం ప్రత్యేకంగా ఇంకొకరిని పెట్టుకుంటున్నారంటే దాని విలువ వ్యాపారానికి ఎప్పుడో అర్థమైందన్నమాట. అర్థం కావలసింది విమర్శకే.

పురస్కారం పెడితే సరిపోతుందా అంటే అదీ కాదు. ఆస్కార్‌లో పాటకూ నేపథ్య సంగీతానికీ 1934 చిత్రాల నుంచే వేర్వేరు బహుమతులు ఉన్నాయి. అయినా 'సైకో' సంగీతానికి నామినేషన్ కూడా దక్కలేదు. నాలుగు విభాగాల్లో ఆ సినిమా పోటీలో నిలిచింది గానీ అందులో హెర్మన్ లేడు. ఆ సంగీతాన్ని నిలబెట్టింది ఆ తర్వాత రాసినవాళ్లు. ఈ సన్నివేశంలో ఈ వాద్యం ఎందుకు, ఇక్కడ ఎందుకు లేదు అని ఒక్కొక్క దృశ్యమూ విప్పి చెప్పినవాళ్లు, సినిమా బడుల్లో పాఠంగా పెట్టినవాళ్లు. తెలుగులో పాటల మీద అలాంటి సాహిత్యం కావలసినంత ఉంది. ఏ పాట ఏ రాగం, ఎవరు రాశారు, ఎన్నో టేకులో పాడారు అని నోటితో చెప్పగలిగే అభిమానులు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఆ శ్రద్ధలో పదో వంతు రీరికార్డింగ్ మీద పెట్టినా చాలు. సంగీతం పరిభాష తెలియనక్కర్లేదు. సినిమా చూసి వచ్చిన విమర్శకుడు తనను తాను అడగవలసినవి మామూలు ప్రశ్నలే. ముఖ్యమైన సన్నివేశంలో సంగీతం నటుడి ముఖం కన్నా ముందు మొదలైందా, తర్వాతా? మనకు తెలియనిది చెప్పిందా, తెలిసిందే మళ్లీ చెప్పిందా? మొదట వినిపించిన బాణీ చివర వచ్చేసరికి మారిందా? మొత్తం సినిమాలో సంగీతం లేని అతి పెద్ద ఘట్టం ఏది, అక్కడ ఎందుకు లేదు?

అందుకే రెండు విన్నపాలు. సమీక్షలు రాసే మిత్రులకు మొదటిది. పాటల గురించి రాసే పేరా తర్వాత, ఒకే ఒక్క సన్నివేశాన్ని ఎంచుకుని, అందులో నేపథ్య సంగీతం ఏం చేసిందో నాలుగు వాక్యాలు రాయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి, 'ఆకట్టుకోలేదు' అని వదిలేయకండి. రెండోది నిర్మాతలకు, సంగీత దర్శకులకు. 'బాహుబలి' నేపథ్య సంగీతాన్ని విడిగా ఆల్బమ్‌లుగా విడుదల చేసిన దారి మిగతావాళ్లూ పట్టాలి. చివరి టైటిల్స్‌లో సన్నాయి ఎవరు వాయించారో, వీణ ఎవరు మీటారో, వయొలిన్ బృందంలో ఎవరెవరున్నారో పేర్లు వేయాలి. మద్రాసు నుంచి హైదరాబాద్ దాకా ఏడు దశాబ్దాలుగా మనల్ని ఏడిపించి నవ్వించిన వాద్యకారుల్లో అధికశాతం మంది పేర్లు ఏ తెర మీదా పడలేదు. డిజిటల్ కాలంలో ఆ పేర్లు వేయడానికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు.